పొత్తికడుపులో తిత్తి కనిపిస్తే కాలేయాన్ని కూడా చూడాలి

పొత్తికడుపులోని తిత్తి అండాశయానిదా, పరాన్నజీవి వల్ల ఏర్పడిన హైడాటిడ్ తిత్తా అన్నది అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుందా అని అడిగారు. తెలుస్తుంది, కానీ ప్రోబును, అంటే స్కానింగు చేసే పరికరాన్ని, పొత్తికడుపు దగ్గరే ఆపేయకూడదు. అనంతపురం ప్రాంతంలో చాలా ఏళ్లుగా స్కానింగులు చేస్తున్న వైద్యురాలిగా ఈ మాట చెబుతున్నాను.

కొన్నేళ్ల క్రితం నలభై ఏళ్ల వయసున్న ఒకామె రెండు పాత రిపోర్టులతో వచ్చారు. రెండింటిలోనూ కుడి అండాశయంలో 8 సెంటీమీటర్ల తిత్తి అని రాసి ఉంది. లాపరోస్కోపీకి, అంటే చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌కు, తేదీ కూడా ఖరారైంది. యోని ద్వారా చేసే స్కానింగులో నేను ముందుగా అండాశయాలనే వెతికాను. రెండూ మామూలుగానే ఉన్నాయి. ప్రోబుతో మెల్లగా నెట్టినప్పుడు కుడి అండాశయం తిత్తి నుంచి విడివడి పక్కకు జరిగింది. తిత్తి నిండా తేనెపట్టులాగా గుండ్రటి పిల్లతిత్తులు, ఒక్కొక్కదానికీ విడిగా గోడ ఉన్నాయి. అండాశయంలో పెరిగే, జిగురు ద్రవం నిండిన మ్యూసినస్ గడ్డ కూడా అరలు అరలుగా కనిపించి భ్రమ కలిగిస్తుంది గానీ, అందులో పక్కపక్క అరలకు గోడ ఉమ్మడిగా ఉంటుంది, రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కానింగులో ఆ గోడల్లో చాలాసార్లు రక్తప్రవాహం కూడా కనిపిస్తుంది. ఈమె తిత్తి లోపల రక్తప్రవాహం జాడే లేదు.

హైడాటిడ్ తిత్తులు ఎక్కువగా కాలేయంలోనే వస్తాయి కాబట్టి, ప్రోబు మార్చి కాలేయం చూశాను. కుడివైపు మరో తిత్తి ఉంది; దాని లోపలి పొర ఊడిపోయి, నీటిలో తామరాకులా తేలుతోంది.

"ఇంట్లో గొర్రెలు ఉండాయా అమ్మా?" అని అడిగాను.

"అరవై దాకా ఉండాయి మేడం. మందకాడ రెండు కుక్కలు గూడా ఉండాయి."

ఈ జబ్బు మటన్ తింటే వస్తుందని మా జిల్లాలో చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. జబ్బున్న గొర్రె కాలేయాన్నో ఊపిరితిత్తులనో పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది, దాని గుడ్లు కుక్క మలం నుంచి మన చేతులకు, ఆకుకూరలకు, నీళ్లకు చేరతాయి. గొర్రెను కోసిన చోట పనికిరాని భాగాలను కుక్కలకు విసిరెయ్యడం ఇప్పటికీ ఆగలేదు.

ఆమెకు మామూలు తిత్తి అనుకొని సూదితో నీరు లాగి ఉంటే, ఆ నీరు కడుపులో ఒలికి ప్రాణాపాయమైన అలర్జీ రావచ్చు, కొన్నేళ్ల తర్వాత కడుపంతా కొత్త తిత్తులు లేవవచ్చు. అందుకే అప్పటికప్పుడే శస్త్రచికిత్స చేయవలసిన వైద్యురాలికి ఫోన్ చేశాను. తేదీ వాయిదా వేసి, ముందు ఆల్బెండజోల్ అనే పురుగుల మందు వాడి, తర్వాత కడుపు తెరిచి జాగ్రత్తగా తిత్తిని తీశారు. పరీక్షలో హైడాటిడ్ అనే తేలింది.

నా బాధంతా స్కానింగుకు పంపే వైద్యులు రాసిచ్చే చీటీల గురించే. వాటిలో 'పెల్విస్ స్కాన్' అన్న రెండు మాటలే ఉంటాయి, కాలేయం చూడమని ఎవరూ రాయరు, పాత రిపోర్టులోని పేరే కొత్త రిపోర్టులోకి ఎక్కుతుంది. కాలేయం మీద ప్రోబు పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. పిల్లతిత్తులు లేని ఒంటి గది తిత్తి విషయంలో అది మరీ అవసరం, ఎందుకంటే గోడలో జంటగీత, మనిషిని పక్కకు తిప్పినప్పుడు తిత్తి నీటిలో మంచులా రాలే ఇసుకలాంటి రేణువులు కనిపించకపోతే, అది సాధారణ నీటితిత్తిలాగే ఉంటుంది. రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినా జబ్బు లేదని చెప్పలేము.

ఏడాది తర్వాత ఆమె తన కూతురిని, అత్తగారిని వెంటబెట్టుకొని వచ్చి, అందరికీ కాలేయం చూడమన్నారు. అత్తగారి కాలేయంలో సున్నం పట్టిన పాత తిత్తి ఒకటి కనిపించింది.