డేనిష్ పదాలు ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తగా డేనిష్ నేర్చుకునేవాళ్లు ముందు ఏ పదాలు పట్టుకోవాలని అడిగారు. 'హై' అంటే నమస్తే. అదే 'హై హై' అని రెండుసార్లు అంటే వెళ్లొస్తానని. 'టాక్' అంటే థాంక్స్. ఇవి ఒక్క పూటలో వచ్చేస్తాయి.

నామవాచకాన్ని మాత్రం విడిగా బట్టీ పట్టకండి. 'ఒక కారు' అంటే 'ఎన్ బీల్', 'ఒక ఇల్లు' అంటే 'ఎట్ హూస్'. ముందున్న ఎన్, ఎట్‌లతో కలిపే గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే 'ఆ కారు' అనాలంటే అదే ఎన్ వెనక్కి వెళ్లి అతుక్కుని 'బీలెన్' అవుతుంది. ఏ పదానికి ఏది వస్తుందో చెప్పే గట్టి రూలు లేదు, ఎక్కువ పదాలకు ఎన్ వస్తుంది.

అంకెల దగ్గరే అసలు టెన్షన్. 60 'ట్రెస్', అంటే మూడు ఇరవైలు. 80 'ఫీర్స్', నాలుగు ఇరవైలు. మరి 50? 'హాల్‌ట్రెస్', అంటే రెండున్నర ఇరవైలు! మూడో ఇరవైలో సగమే తీసుకున్నామని వాళ్ల లెక్క. ఈ కిటుకు పట్టుబడితే 70, 90 కూడా అర్థమైపోతాయి: మూడున్నర, నాలుగున్నర ఇరవైలు.

ఇంకో మాట, రాత చూసి పలకకండి, విని పలకండి. భోజనానికి 'మద్' అని రాస్తారు గానీ, ఆ చివరి ద్ మన చెవికి దాదాపు ల్ లాగే వినిపిస్తుంది. నాలుక కొనను కింది పళ్ల వెనక ఆనించి, పైకి తగలనివ్వకుండా అని చూడండి.