ఇరవై కొబ్బరికాయలకి పంపు: పడవ కాపురంపై మీ ప్రశ్నలు

(కోనసీమలో పుట్టి, కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసి, ఆరేళ్లుగా మెక్సికోలోని లా పాజ్‌లో భర్తతో కలిసి తెరచాప పడవ మీదే కాపురం ఉంటున్న రచయిత్రి పాఠకుల ఉత్తరాలకి ఇచ్చిన జవాబులు.)

36 అడుగుల పడవలో వంట, స్నానం ఎలా కుదురుతాయండీ? – ఒక గృహిణి, తణుకు

వంటకి లోటు లేదు, స్నానానికే పిసినారితనం. ట్యాంకులో పట్టేది 400 లీటర్లు. సముద్రంలో మునిగి, సబ్బు రుద్దుకుని, మళ్లీ మునిగి, ఆఖర్న రెండు చెంబుల మంచినీళ్లు. పడవ ఒరిగినా గిన్నె ఒరగకుండా స్టవ్వే ఉయ్యాలలా ఊగుతుంది. అయినా పప్పు కుక్కర్లోనే వండుతాను, మూత బిగించి ఉంటుందన్న ధీమాతో. అట్టపెట్టె మాత్రం పడవెక్కనివ్వను. దాని మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి. సరుకులన్నీ రేవులోనే విప్పి సంచుల్లో పోసుకుంటాం.

ఇరుగూ పొరుగూ లేకుండా నీళ్ల మధ్య ఇద్దరే! రాత్రివేళ ఏదైనా జరిగితే ఎవరొస్తారు తల్లీ? – రిటైర్డ్ మాస్టారు, అమలాపురం

మాస్టారూ, మన వీధిలోకన్నా ఇక్కడే ఇరుగుపొరుగు ఎక్కువ. ఒక్కోసారి మరీ ఎక్కువ.

సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున్న 8 గంటలకి అందరం పడవల వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియోలో 22వ ఛానెల్ పెడతాం. ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిందా అన్నది మొదటి ప్రశ్న. తర్వాత గాలి సంగతి, ఆటుపోట్ల వేళలు, ఎవరొచ్చారు, ఎవరు వెళ్తున్నారు. ఇక్కడ ఇంటిపేర్లు ఎవరికీ తెలియవు, పడవ పేరే ఇంటిపేరు. మాది ‘గౌతమి’ గనక నన్ను కూడా గౌతమీ అనే పిలుస్తారు. దిద్దడం మానేశాను.

ఆఖర్న ఇచ్చిపుచ్చుకోవడాలు. సుంకం కట్టకుండా తెచ్చుకున్న సామాను పరాయి దేశంలో అమ్మకూడదు కదా, అందుకని ‘పాత పంపు ఉంది, ఇరవై కొబ్బరికాయలు’ అంటారు. కొబ్బరికాయలంటే డబ్బులని అందరికీ తెలుసు, నాకు తప్ప. కోనసీమ దాన్ని, కాయల లెక్కలో మోసపోతానా అని బజారంతా తిరిగి ఇరవై కాయలూ మోసుకెళ్లాను. పంపు ఆసామి, ముసలి కెనడా ఆయన, పడీ పడీ నవ్వి పంపు ఊరికే ఇచ్చేశాడు. కాయలు మాత్రం తిరిగివ్వలేదు.

మీరడిగిన రాత్రి కూడా ఒకటి వచ్చింది. ఈ రేవులో పడవలు ఆడే ఆటని ‘లా పాజ్ వాల్ట్జ్’ అంటారు, వాల్ట్జ్ అంటే జంటగా గిరగిరా తిరుగుతూ చేసే నాట్యం. ఆటుపోట్ల నీరు ఒకవైపు లాగుతుంటే గాలి రెండోవైపు తోస్తుంది. అడుగుభాగం నీళ్లలోకి లోతుగా దిగిన పడవ నీటి మాట వింటుంది, తేలికపాటిది గాలి మాట వింటుంది. సాయంత్రం ఎడంగా ఉన్న రెండు పడవలు అర్ధరాత్రికి ముక్కులు రాసుకుంటాయి. మొదటి చలికాలంలో ఒకరోజు ఊళ్లోకి భోజనానికి వెళ్లి, రాత్రి పదింటికి రబ్బరు పడవలో తిరిగొచ్చేసరికి గౌతమి ఉండాల్సిన చోట లేదు. గుండె జారిపోయింది. కాస్త దూరంలో మా దీపం కనిపించింది. ఎక్కి చూస్తే గడప దగ్గర రెండు జతల తడి రబ్బరు చెప్పులు, మనింటి గుమ్మం ముందు విప్పినట్టు వరసగా. లంగరు జారుతుంటే చూసి కెనడా ఆయనా, ఇంకొకాయనా ఎక్కి, లంగరు గొలుసు ఇంకాస్త వదిలి, పడవని నిలబెట్టి, మేమొచ్చేదాకా చీకట్లో కూర్చున్నారు.

టీ పెట్టిచ్చాను. తాగుతూ కెనడా ఆయన చీవాట్లు పెట్టాడు: ‘అయిదు మీటర్ల లోతుకి పదిహేను మీటర్ల గొలుసేంటి? అయిదు నుంచి ఏడు రెట్లు వదలాలి!’ మా మీద ప్రేమ ఉందో లేదో గానీ, మేం జారితే ముందు గుద్దేది ఆయన పడవనే.

పోట్లాటలూ ఉంటాయి, ముఖ్యంగా రాత్రిళ్లు జనరేటర్ నడిపేవాళ్లతో. నన్ను బాధపెట్టేది మార్చి నెల. దక్షిణ పసిఫిక్‌లోని మార్కెసాస్ దీవులకి పడవలు బయల్దేరేది అప్పుడే. సుమారు 2,800 నాటికల్ మైళ్లు, మూడు నాలుగు వారాలు నేల కనపడదు. పోయిన మార్చిలో రేడియోలో ‘వెళ్తున్నవాళ్లు’ అనగానే కెనడా ఆయన పడవ పేరు వినిపించింది. ఆ మర్నాడు పొద్దున్న అలవాటుకొద్దీ టీ ఒక కప్పు ఎక్కువ పెట్టేశాను.

తుఫాన్లు రావా? – కాకినాడ విద్యార్థి

ఎందుకు రావు బాబూ! మే 15 నుంచి నవంబరు 30 దాకా వాటి కాలమే. 2014 సెప్టెంబరులో ఒడీల్ అనే తుఫాను ఈ రేవులోనే పడవలు ముంచింది, మనుషులూ పోయారు. 1996 నవంబరులో మన తోటలు నేలకూలిన రాత్రి నేను మండువా లోగిట్లో మంచం కింద ఉన్నాను. ఆ చప్పుడు చెవిలో ఉన్నదాన్ని పడవలో కూర్చుని ధైర్యం పరీక్షించుకోను. ఆ నెలల్లో గౌతమిని ఒడ్డుకెత్తించి, తాళ్లు కట్టించి, ఊళ్లో గది తీసుకుంటాం.

మా అమ్మాయి ఉద్యోగం మానేసి ఇలాంటి బతుకే కావాలంటోంది. ఆపాలా? – ఒక తల్లి, విశాఖపట్నం

మీ ఊరి స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య, మరో నలుగురు నౌకాదళ అధికారిణులతో కలిసి 2017 సెప్టెంబరు 10న గోవాలో ‘తారిణి’ అనే తెరచాప పడవ ఎక్కి, 2018 మే 21న భూమి చుట్టొచ్చారు. కాబట్టి ఆడపిల్ల అన్న బెంగ వదిలేయండి. అయితే వాళ్ల వెనక నౌకాదళం ఉంది, శిక్షణ ఉంది. మీ అమ్మాయి వెనక ఉండేది ఆమె దాచుకున్న డబ్బే. పడవ కొనేలోపు హుస్సేన్ సాగర్‌లో చిన్న తెరచాప పడవ నేర్చుకోమనండి. తర్వాత వేరేవాళ్ల పడవలో సాయంగా ఓ నెల తిరిగి రమ్మనండి. వాంతుల మాత్రలు మాత్రం ఇప్పుడే కొనివ్వండి. మొదటి ప్రయాణంలో మూడు రోజులు నాకు బకెట్టే లోకం. ఆ సంగతి మా అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. ఆవిడ ఈ పత్రిక తెప్పించుకోదన్న ధైర్యంతో రాస్తున్నాను.