మూసారాంబాగ్‌కు ఆ పేరు మూసీ వల్ల రాలేదు

ప్రశ్న: రోజూ మలక్‌పేట నుంచి హయత్‌నగర్‌కు బస్సులో ఉద్యోగానికి వెళ్తాను. మూసారాంబాగ్‌కు మూసీ నది వల్లే ఆ పేరొచ్చిందని మావారు అంటారు. నిజమేనా? దారిలో కనిపించే జింకల పార్కుకు మహావీర్ పేరెందుకు పెట్టారు?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: నది పక్కనే ఉంది కాబట్టి ఎవరికైనా అలాగే తోస్తుందమ్మా. ఆ వీధుల్లో ఉత్తరాలు పంచిన కొత్తల్లో నేనూ అదే అనుకున్నాను. ఒకరోజు సంచీ భుజాన వేసుకునే ఆస్మాన్‌గఢ్ గుట్ట ఎక్కాను. పైన ఎత్తైన రాతి స్తంభం, దాని మీద చెక్కిన రెండే రెండు ఇంగ్లీషు అక్షరాలు: జె, ఆర్.

అది జోవాకిం రేమండ్ సమాధి. ఫ్రాన్సు నుంచి వచ్చి రెండో నిజాం అలీఖాన్ దగ్గర సేనాధిపతి అయ్యాడు. 1798లో ఇక్కడే చనిపోయాడు. ఫ్రెంచివాళ్లు మర్యాదగా ‘మొస్యో రేమోన్’ అనే పిలుపు మనవాళ్ల నోట తిరిగి తిరిగి ‘మూసా రామ్’ అయింది. ముస్లింలు ‘మూసా రహీమ్’ అనేవారట. పరాయి దేశస్థుణ్ణి ఎవరికి వారు తమవాడిగా పిలుచుకున్నారు! ఈ పేరంటే నాకు అంత ఇష్టం అందుకే. గన్‌ఫౌండ్రీకి ఆ పేరొచ్చింది కూడా ఆయన పెట్టించిన ఫిరంగుల కార్ఖానా వల్లే.

ఇక జింకల పార్కు. ఒకప్పుడది నిజాముల వేట మైదానం. జైన తీర్థంకరుడు వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణ వార్షికోత్సవ సందర్భంగా 1975లో కృష్ణజింకలకు రక్షణ కల్పించి ‘మహావీర్ హరిణ వనస్థలి’ అన్నారు. వేటాడిన చోటుకు అహింస బోధించినవాడి పేరు పెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ, వాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

మీరు అడగలేదు గానీ, మీరు దిగే హయత్‌నగర్ కూడా ఓ మనిషి పేరే. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు హయత్ బక్షీ బేగం. ఆమె పేరున్న మసీదు అక్కడే ఉంది. దాని దగ్గర్లోనే హాథీ బావి అనే పెద్ద బావి ఉంది, ఏనుగులతో నీళ్లు తోడించేవారని చెబుతారు. ఒకరోజు ఆఫీసు అయ్యాక, వెలుతురు ఉండగానే చూసి రండి. మీవారిని మాత్రం ముందు గుట్ట మీదికి తీసుకెళ్లండి.