టెక్ సందేహాలు: మూడు వేల మాటలు బట్టీ వద్దు, రోజుకు ఎనిమిది చాలు

బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. రోజూ బొబ్బిలి నుంచి విజయనగరానికి రైల్లో కోచింగ్‌కి వెళ్లొస్తాను. మూడు వేల ఇంగ్లిష్ మాటలు, వాటి సినానిమ్స్ ఉన్న పీడీఎఫ్ బట్టీ పడుతున్నా, వారం తిరిగేసరికి సగం గుర్తుండటం లేదు. ఫోన్లో నాలుగు వొకాబులరీ యాప్‌లున్నాయి. ఏది ఉంచుకోమంటారు? – ఒక పాఠకురాలు, బొబ్బిలి

నాలుగూ తీసేయండమ్మా. మీ జ్ఞాపకశక్తికి వచ్చిన లోపమేమీ లేదు. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల గుంపులు తానే బట్టీపట్టి, ఎంత త్వరగా మరిచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో అచ్చువేశాడు. మొదటి కొన్ని గంటల్లోనే చాలా భాగం జారిపోతుంది, ఆ తర్వాత మరుపు నెమ్మదిస్తుంది. జారిపోబోయే ముందు ఎవరైనా అడిగితే ఆ మాట ఇంకొన్నాళ్లు నిలుస్తుంది. ఎప్పుడు అడగాలో లెక్కవేసి అడిగే యాప్ యాంకీ. ఆండ్రాయిడ్‌లో దాని పేరు యాంకీడ్రాయిడ్, పూర్తిగా ఉచితం. దాదాపు అదే పేరుతో నెలనెలా డబ్బు అడిగేవి కూడా ఉన్నాయి, పేరు సరిచూసి దించుకోండి. ముందు ప్రశ్న, వెనక జవాబు ఉండే కార్డులు ఫోన్లోనే ఉంటాయి కాబట్టి దారిలో సిగ్నల్ పోయినా పని ఆగదు.

పెట్టుకోగానే డెక్ (కార్డుల కట్ట) ఆప్షన్స్‌లోకి వెళ్లండి. రోజుకు 20 కొత్త కార్డులని ఉంటుంది, దాన్ని 8 చేయండి. ఇరవై మొదట్లో తేలిగ్గానే ఉంటుంది. కొన్నాళ్లకు పాతవన్నీ తిరిగొచ్చి కుప్పపడతాయి, చాలామంది అక్కడే వదిలేస్తారు. ఇంకొకటి, మాట గుర్తురానప్పుడు మొహమాటపడి ‘హార్డ్’ నొక్కకండి. హార్డ్ అంటే కష్టంగానైనా గుర్తొచ్చిందని. గుర్తురాకపోతే ‘అగైన్’ నొక్కాలి. ఇది తప్పితే లెక్కంతా తప్పుతుంది.

అన్నిటికంటే ముఖ్యం కార్డు మీద ఏం రాస్తామన్నది. ‘ఫ్రూగల్ = థ్రిఫ్టీ, ఎకనామికల్, స్టింజీ’ అని పీడీఎఫ్‌లోది దించేయకండి. ఫ్రూగల్ అంటే పొదుపరి, స్టింజీ అంటే పిసినారి. గోనెసంచి విప్పిన పురికొస కూడా చుట్టచుట్టి దాచే నాన్నమ్మ ఫ్రూగల్. డబ్బుండీ కూలివాడికి పది రూపాయలు ఎగ్గొట్టేవాడు స్టింజీ. మొదటిది మెప్పు, రెండోది తిట్టు. మన తెలుగులో మాత్రం ఈ తేడా లేదా? ‘కన్నుమూశారు’, ‘చచ్చాడు’ రెండిటికీ అర్థం ఒకటే, కానీ పక్కింటి పెద్దాయన గురించి రెండోది అనగలమా?

అందుకని కార్డు రకంలో ‘క్లోజ్’ (Cloze, అంటే ఖాళీ పూరించేది) ఎంచుకుని, మీ ఇంటి మనుషుల మీద ఒక ఇంగ్లిష్ వాక్యం రాసి, అందులో ఫ్రూగల్‌ని మూయండి. వెనక ‘పొదుపరి, మెప్పుగా’ అని తెలుగులో ఒక్క ముక్క చాలు. బ్యాంకు పరీక్షల్లో కూడా చాలాసార్లు పేరాలోని మాటకు అక్కడి అర్థమే అడుగుతారు. ఈ నేలవాడైన గిడుగు రామమూర్తిగారు సవర గిరిజనులతో మాట్లాడుతూ వాళ్ల భాష నేర్చుకుని, ఆ తర్వాతే దానికి నిఘంటువు కట్టారు. మాటకు ముందు మనిషి, వాక్యం ఉండాలని నాకు గట్టి నమ్మకం.

వర్డ్‌లో షిఫ్ట్, ఎఫ్7 నొక్కితే సినానిమ్స్ వస్తున్నాయి. అందులో ఏదైనా వాడొచ్చా? – ఒక పాఠకుడు, పలాస

వాడకూడదు. ఆ జాబితా దగ్గరి మాటలు చూపిస్తుందే గానీ, ఏ మాట పక్కన ఏది ఇముడుతుందో చెప్పదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటింది కదా. దాని గురించి ఇంగ్లిష్‌లో రాస్తే గాలికి ‘స్ట్రాంగ్’ అనాలి, వానకు ‘హెవీ’ అనాలి. అటుదిటు ఇటుదటు మారిస్తే చదివేవాడికి పంటికింద రాయి తగిలినట్టుంటుంది. జాబితాలో మాట నచ్చితే ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ సైట్‌లో వెతకండి, ఉచితమే. అర్థం కింద ఉదాహరణ వాక్యాలుంటాయి, వాటిలో మీ వాక్యం లాంటిది కనబడితేనే వాడండి.

ఐఫోన్లో యాంకీ డబ్బు అడుగుతోంది. మోసమా? – ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

కాదు. యాంకీమొబైల్ పేరుతో ఉన్న అసలు యాప్ ఐఫోన్లో డబ్బుపెట్టి కొనాల్సిందే, అదీ ఒక్కసారే. కొనడం ఇష్టం లేకపోతే కంప్యూటర్లో ఉచితంగా పెట్టుకుని కార్డులు అక్కడ తయారుచేయండి. వాటిని యాంకీవెబ్ అనే యాంకీ సైట్‌కు సింక్ చేసి, ఫోన్ బ్రౌజర్‌లో చదువుకోవచ్చు. దానికి మాత్రం నెట్ ఉండాలి.