స్టేట్ గార్డ్‌లో చేరితే యుద్ధానికి పంపిస్తారా?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు సిటిజన్‌షిప్ వచ్చింది. ఇప్పుడు టెక్సాస్ స్టేట్ గార్డ్‌లో వాలంటీరుగా చేరతానంటున్నాడు. అది మిలీషియా అని ఎవరో చెప్పారు. యుద్ధమొస్తే వీణ్ని పంపించేస్తారా? మన హోంగార్డుల్లాంటిదేనా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి. హ్యూస్టన్ దగ్గర ఉంటూ నేనూ అందులో ఆరేళ్లు పనిచేశాను.

నేషనల్ గార్డ్ వేరు, స్టేట్ గార్డ్ వేరు. నేషనల్ గార్డ్ మామూలుగా గవర్నరు చేతిలో ఉంటుంది, అవసరమైతే దేశాధ్యక్షుడు తీసుకుంటాడు. ఇరాక్, అఫ్గానిస్తాన్ వెళ్లింది వాళ్లే. స్టేట్ గార్డ్‌ను అలా తీసుకోవడానికి కేంద్ర చట్టమే ఒప్పుకోదు. అది పూర్తిగా గవర్నరుది. 1940లో నేషనల్ గార్డ్‌ను సైన్యంలో కలిపేసుకుంటే రాష్ట్రాల్లో కాపలాకు మనుషులు కరువయ్యారు. ఆ ఖాళీలోంచి వచ్చినవే ఈ దళాలు. టెక్సాస్‌ది 1941లో మొదలైంది. ఫ్లోరిడా తనది 1947లో మూసేసి, మళ్లీ 2022లో తెరిచింది.

ఒక్క మాట దాచకూడదు. దేశంలో నిర్బంధ సైనిక సేవ ఎప్పుడైనా మళ్లీ పెడితే, స్టేట్ గార్డ్‌లో ఉన్నానని మినహాయింపు దొరకదు. 1973 తర్వాత అలాంటి పిలుపు రాలేదు.

హోంగార్డు కూడా 1946లో బొంబాయిలో స్వచ్ఛంద దళంగానే మొదలైంది. కానీ మన ఊళ్లలో ఇప్పుడది రోజూ డ్యూటీ, చాలామందికి బతుకుతెరువు. ఇక్కడ అందరికీ వేరే ఉద్యోగాలుంటాయి. నా టీమ్‌లో ఒక నర్సు, ఒక లారీ డ్రైవరు, రిటైరైన సైనికుడు ఒకాయన ఉండేవారు. నెలకో వారాంతం శిక్షణ, దానికి జీతం లేదు. డ్యూటీకి పిలిచిన రోజులకు మాత్రం రాష్ట్రం డబ్బిస్తుంది.

2017 ఆగస్టులో హార్వే తుఫాను వచ్చింది. కొన్నిచోట్ల 60 అంగుళాల వాన. ఒక స్కూలు జిమ్‌లో షెల్టరు పెట్టారు, నా పని చేతిపట్టీలు కట్టడం. ప్రతి పట్టీకీ ఒక బార్‌కోడ్. బస్సెక్కేటప్పుడు, దిగేటప్పుడు స్కాన్ చేస్తే ఎవరు ఎక్కడున్నారో తెలుస్తుంది. కుక్కలకూ కట్టాం. ఒక పెద్దావిడ తడిచీరలా ఒంటికి అంటుకుపోయిన నైటీతో వణుకుతూ వచ్చింది. కూతురు వేరే బస్సెక్కిందట. వెతికితే శాన్ ఆంటోనియో షెల్టర్లో దొరికింది. ఆ మాట చెప్పేసరికి ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ ఆరేళ్లలో నేను ఎక్కువగా చేసింది ఇలాంటి పనే. అయితే 2021 నుంచి స్టేట్ గార్డ్ వాళ్లను మెక్సికో సరిహద్దు డ్యూటీకి కూడా పంపారు. ఏ డ్యూటీకి తాను ముందుకొస్తాడో అబ్బాయి చేరకముందే ఆలోచించుకోవాలి.

ఇక మిలీషియా మాట. సొంతంగా తుపాకులు పట్టుకుని, కవాతు చేస్తూ ఆ పేరు పెట్టుకునే గుంపులు అమెరికాలో ఉన్నాయి. వాటికి ఏ ప్రభుత్వమూ పూచీ ఉండదు. ఆ ఛాయలకు వెళ్లనివ్వకండి. అబ్బాయి చెబుతున్నది ఆస్టిన్‌లోని క్యాంప్ మాబ్రీ కేంద్రంగా నడిచే దళమైతే, అది రాష్ట్ర ప్రభుత్వానిదే. కంపెనీలో మేనేజరుకు ముందే చెప్పమనండి, తుఫాను చెప్పి రాదు.

జూన్ నుంచి నవంబరు దాకా ఇక్కడ తుఫాన్ల కాలం. ఆ రోజుల్లో వాడు రెండ్రోజులు ఫోన్ ఎత్తకపోవచ్చు. వాడి యూనిట్‌లో ఇంకొకరి నంబరు ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.