లాక్ తీస్తే లెక్క మారుతుంది

చిరంజీవి సుధకు, బాబాయి ఆశీస్సులు.

పాప ట్యూషన్‌కి లైసెన్సు అక్కర్లేని కరెంటు స్కూటర్ కొందామనుకుంటున్నావట, మీ అమ్మ చెప్పింది. కొనుక్కో, తప్పులేదు. షాపుకి వెళ్లేలోపు ఇది చదువు.

ఆ "అక్కర్లేదు" అన్నది కంపెనీవాడి ఆఫర్ కాదమ్మా. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2(యు) అని ఒకటుంది. మోటారు అరగంట ఏకధాటిగా ఇచ్చే పవరు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలి. బ్యాటరీ తీసేశాక బండి 60 కిలోలు మించకూడదు. సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్రది ఉండాలి. ఇవన్నీ ఉన్నాయని ప్రభుత్వం గుర్తించిన టెస్టింగ్ ఏజెన్సీ ధ్రువీకరిస్తేనే చట్టం దాన్ని మోటారు వాహనం కిందికి తీసుకోదు.

బండి తీరంతా ఈ అంకెల్లోంచి వచ్చిందే. చూడ్డానికి నిండు స్కూటరే గాని తట్టి చూడు, పల్చటి ప్లాస్టిక్కు. 60 కిలోల్లో సర్దాలి మరి. బ్యాటరీ ఆ లెక్కలో లేదు కాబట్టి చవక రకాల్లో ఒక్కోటి ఏడు కిలోలుండే లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు పెట్టేస్తారు. సెంటర్ స్టాండు వేసేటప్పుడు పాపకే తెలుస్తుంది. ఇద్దరెక్కి ఫ్లైఓవర్ ఎక్కించారా, పక్కన నడిచేవాళ్లతో పోటీయే. అదేపనిగా లాగిస్తే మోటారూ, దానికి కరెంటు వదిలే కంట్రోలరూ వేడెక్కుతాయి. మీ దారిలో ఎత్తుంటే టెస్ట్ రైడ్ అక్కడే అడుగు.

అసలు చిక్కు వేరే ఉంది. "లాక్ తీసేస్తానమ్మా, 40 పోతుంది" అంటాడు షాపతను. లాక్ అంటే వేగాన్ని 25 లోపే ఆపే ఏర్పాటు. సీటు కింద కంట్రోలర్ దగ్గర దానికో చిన్న వైరు ప్లగ్గు ఉంటుంది. కొన్నిట్లో ఊడదీస్తే, కొన్నిట్లో కలిపితే సరి, రెండు నిమిషాల పని. అప్పట్నుంచి అది రిజిస్ట్రేషనూ ఇన్సూరెన్సూ లేని మోటారు వాహనం. ఎవరికైనా తగిలితే పరిహారం మీ జేబులోంచే కట్టాలి. పాప మైనరు కాబట్టి మోటారు వాహనాల చట్టంలోని 199ఎ సెక్షన్ మీ మెడకే చుట్టుకుంటుంది: మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా.

అందుకని ఏజెన్సీ సర్టిఫికెట్ కాపీ అడుగు. అందులోని మోడల్ పేరు, బిల్లు మీద పేరు, బండి మీద పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఫుల్ ఛార్జింగ్‌తో తిన్నటి రోడ్డు మీద నడిపి ఫోన్ జీపీఎస్‌లో వేగం చూడు, మీటర్‌ని నమ్మకు. 25 దాటిందంటే లాక్ ముందే తీసి పెట్టారన్నమాట; వదిలేసి వచ్చెయ్. చట్టం అడిగినా అడక్కపోయినా హెల్మెట్ మాత్రం కొను.

25 చాలదనిపిస్తే రిజిస్ట్రేషనై ఆకుపచ్చ నంబరు ప్లేటొచ్చే కరెంటు బండి తీసుకో. పాపకి పద్దెనిమిది నిండేదాకా దాని మీద నువ్వే దింపిరా.

ఇట్లు,
బాబాయి