మధ్యాహ్నానికి మొరాయించే డేటాబేస్

ప్రశ్న: కస్టమర్ సర్వర్‌లో మా జావా అప్లికేషన్ పొద్దున బాగానే నడుస్తుంది. మధ్యాహ్నానికల్లా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 'టూ మెనీ క్లయింట్స్ ఆల్‌రెడీ' అంటుంది. రీస్టార్ట్ చేస్తే పోయి, మర్నాడు మళ్లీ వస్తోంది. హికారీ పూల్ (కనెక్షన్లను తెరిచి ఉంచి మళ్లీ మళ్లీ వాడుకునే జావా లైబ్రరీ) వాడుతున్నాం. మాక్స్ కనెక్షన్స్ 500 చేయమంటారా?
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అప్పుడే వద్దండీ. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షనూ ఒక ప్రత్యేక ప్రాసెస్. 500 చేస్తే మెమరీ తింటుంది, ఎర్రర్ సాయంత్రానికి వాయిదా పడుతుంది, అంతే.

సర్వర్ జవాబిచ్చిందంటే ఫైర్‌వాల్ జోలికి వెళ్లక్కర్లేదు. కనెక్షన్ల డిఫాల్ట్ హద్దు 100, అందులో 3 సూపర్‌యూజర్‌కే (అన్ని అధికారాలూ ఉన్న ఖాతాకే). హికారీ మామూలుగా 10 దాటదు, వాటినీ మొదట్లోనే తెరిచేస్తుంది. పూల్‌లోనే లీకైతే, అంటే తీసుకున్న కనెక్షన్ తిరిగివ్వకపోతే, 30 సెకన్లు ఆగి 'కనెక్షన్ ఈజ్ నాట్ అవైలబుల్' అనేది. మీ కనెక్షన్ల లెక్క గంటగంటకూ పెరుగుతోందంటే అనుమానం వేరే చోట: ఏదో రిపోర్ట్ కోడ్ పూల్‌ను పక్కనపెట్టి, జావా డ్రైవర్ మేనేజర్‌తో నేరుగా కనెక్షన్ తెరిచి మూయడం లేదు, లేదా ప్రతి రిక్వెస్ట్‌కూ కొత్త పూల్ పుట్టిస్తోంది. రెండోది తరచూ చూసేదే.

ఎర్రర్ వచ్చేలోపే, లెక్క పెరుగుతున్నప్పుడు, సూపర్‌యూజర్‌గా లాగిన్ కండి. ప్రస్తుత కనెక్షన్లను చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీలో క్లయింట్ అడ్రస్, స్టేట్ వారీగా లెక్కపెట్టండి. 'ఐడిల్' (పనిలేక ఖాళీగా ఉన్న) వరుసల్లో క్వెరీ కాలమ్ ఆ కనెక్షన్ చివరగా నడిపిన క్వెరీని చూపిస్తుంది. ఒకే క్వెరీ పదేపదే కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ కోడ్‌ను ట్రై-విత్-రిసోర్సెస్‌లోకి (పని కాగానే కనెక్షన్‌ను తానే మూసే జావా పద్ధతిలోకి) మార్చండి, పూల్ ఒక్కటే ఉంచండి.